పానకం అంటిన వేలు

ఆళ్ళగడ్డలో మా వీధిలోకి బెల్లం, మిరియాల ఘాటు వచ్చిందంటే నాకు నంద్యాల ఆసుపత్రిలోని మా పెద్ద డాక్టరమ్మ గుర్తొస్తుంది. నర్సుగా నేను పని నేర్చుకున్నది ఆమె దగ్గరే. మహా చురుకైన నోరు. ఫ్యాను మీద దుమ్ము కనబడితే ముందు మమ్మల్ని దులిపేది. రోగి ఇంటివాళ్ళ దగ్గర మాత్రం గొంతు పెంచేది కాదు. అదెందుకో నాకు ఒక మధ్యాహ్నం తెలిసింది.

అహోబిలం గుడిలో పారాయణం చేసే ఒక స్వామిని ఆళ్ళగడ్డ నుంచి అంబులెన్సులో తెచ్చారు. మూతి వంకరపోయింది, కుడిచేయి వాలిపోయింది, మాట లేదు. ఆయనకు ఆ మాటే బతుకు. మెదడులో రక్తం గడ్డకట్టిందని స్కానింగులో తేలింది. దాన్ని కరిగించే ఇంజెక్షనుకు సమయం మించిపోతోంది. తీరా వేలు గుచ్చి చూస్తే చక్కెర మీటరుకు అందనంత ఉంది. అంత చక్కెర మీద ఆ మందిస్తే మెదడులో రక్తస్రావమయ్యే ముప్పు ఎక్కువ. దిగేదాకా ఆగితే మందుకు వేళ దాటుతుంది. ఇంట్లో ఏమైనా తాగించారా అని అడిగితే ఆయన భార్య బెదిరిపోయి, లేదని తల అడ్డంగా ఊపింది.

డాక్టరమ్మ వెళ్ళి ఆమె పక్కన బెంచీ మీద కూర్చుంది.

"ఏమన్నా తాపినావామ్మా? నేనేమీ అననులే, చెప్పు."

ఆమె ఏడ్చేసింది. "సుగరు పడిపోయిందేమోనని పానకం తాపినా. ప్రసాదమే కదా అనుకుంటి. గ్లాసు పట్టుకోబోయి ఆయన ఎడమచేతి మీదంతా పోసుకున్న్యారు."

మేము వేలు గుచ్చింది ఆ చేతికే. గుచ్చే ముందు స్పిరిటు దూదితో తుడిచినా బెల్లం జిడ్డు వదల్లేదు, అదే రక్తపు చుక్కలో కలిసి మీటరులో అంత చూపించింది. సబ్బుతో కడిగి మళ్ళీ చూశాం. చక్కెర ఎక్కువే, కానీ మందు ఆపేంత కాదు. వెంటనే ఇంజెక్షను ఇచ్చారు.

అంతటితో అయిపోలేదు. ఏళ్ళుగా ఇన్సులిను మాట వినని ఒళ్ళు ఆయనది. చక్కెర అలాగే ఉంటే గడ్డ కరిగినా మెదడు సరిగా తేరుకోదని, తొందరపడి మరీ దించేస్తే అదీ ప్రమాదమేనని డాక్టరమ్మ చెప్పింది. మాటిమాటికీ చూసుకుంటూ మెల్లగా దించాం.

మర్నాడు స్వామి భార్యను చూసి, నాలుక తడబడుతూనే, "అన్నం తింటివా?" అన్నారు. ఆమె నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. నా గుండెల మీంచి మాత్రం బండ దింపినట్టయింది. ఇలాంటప్పుడు నోట్లో నీళ్ళు కూడా పోయకూడదని డాక్టరమ్మ ఆమెకు అప్పుడు చెప్పింది, అంతకు ముందు కాదు.

ఇప్పుడు నేను ఆళ్ళగడ్డలోనే నర్సుని. మూతి వంకరపోయిన మనిషిని ఎవరు తెచ్చినా, వెంట వచ్చినవాళ్ళ భుజం మీద చేయి వేసి, ఏమన్నా తాపినారా అని అడుగుతాను. నా దగ్గర ఇంతవరకూ ఎవరూ ఏమీ దాచలేదు.