వలసల సారుకు సత్తమ్మ సాయం

నస్పూర్ బొగ్గుగనుల దారిలో సత్తమ్మకు చిన్న చాయ్ హోటలుండేది. 1965 ఎండాకాలంలో దేవదాస్ అనే పరిశోధకుడు హైదరాబాదు నుంచి వచ్చి అక్కడే మకాం పెట్టాడు. గని కార్మికులు ఎక్కడి నుంచి వలస వచ్చారు, ఏ భాషవాళ్లు, ఏ కులంవాళ్లు, ఒకరితో ఒకరు ఎలా కలిసి బతుకుతున్నారు అని రాయడానికి ఢిల్లీ సంస్థ ఒకటి అతనికి ఏడాది ఖర్చు మంజూరు చేసింది. పని నచ్చితే రెండో ఏడు కూడా ఇస్తుంది.

అతను ప్రశ్నల కాగితాలు తీయగానే, బయటివాళ్లను వెనక్కి పంపేస్తారని పుకారు లేచింది. ఆ వారం అతను ఎవర్నడిగినా నస్పూర్‌లోనే పుట్టామన్నారు. తెలుగు ముక్క రాని గోరఖ్‌పూర్ మీసాలాయన కూడా "నస్పూర్, నస్పూర్" అని గుండె మీద చెయ్యేసుకున్నాడు. మరుసటి వారం, దూరంవాళ్లకే పెద్ద క్వార్టర్లిస్తారని ఇంకో పుకారు. పక్క ఊరి వెంకటి బొంబాయివాడయ్యాడు.

"ఢిల్లీవాళ్లకు ఇది పంపితే ఇక పైసా రాదు సత్తమ్మా!" అని దేవదాస్ తల పట్టుకున్నాడు.

"ఫికర్ చెయ్యకు సారూ. నువ్వు కాయితం తీస్తే పోలీసోన్ని చూసినట్టు చూస్తుండ్రు. మూలకు కూసొని రాసుకో. నేనడుగుత."

చాయ్ అందిస్తూ ఆమె అడిగింది: "వెంకటీ, మీ అవ్వ ఏం వండుతుండెరా?"

"మక్కగట్క, పచ్చిపులుసు అక్కా! గా గోదారి ఒడ్డు చేన్ల కలుపు తీసి వచ్చి వండుతుండె."

"బొంబాయిల గోదారి ఏడుందిరా?"

హోటలంతా గొల్లుమంది. వెంకటి సిగ్గుపడి, తర్వాత తనే పగలబడి నవ్వాడు. అదే మాట సత్తమ్మ వచ్చీరాని హిందీలో అడిగితే, మీసాలాయనకు వాళ్లమ్మ నిప్పుల్లో కాల్చిన సత్తుపిండి ముద్దలు గుర్తొచ్చి కళ్లు తడిశాయి. ఊరు, కరువు, రైలెక్కిన రోజు, అన్నీ తన భాషలోనే చెప్పాడు. భైంసా నుంచి వచ్చిన అంబదాస్ అనే కార్మికుడు జొన్నరొట్టె దగ్గర మొదలుపెట్టి తాత దాకా వెళ్లాడు. దేవదాస్ చెయ్యి నొప్పెట్టేదాకా రాశాడు.

రెండో ఏటి మంజూరు వచ్చింది. సహాయకురాలిగా సత్తమ్మకు జీతం కూడా. ఢిల్లీవాళ్లు ఆమె చదువేమిటని అడిగితే, దేవదాస్ "పదేళ్ల క్షేత్రానుభవం" అని రాశాడు.

"చాయ్ పోసుడు గంత పెద్ద చదువా సారూ?" అని ఆమె పడీపడీ నవ్వింది. మర్నాడు హోటలు చెల్లెలికి అప్పగించి, కొత్త చీర కట్టుకుని, క్వార్టర్లలో ఆడవాళ్లను పలకరించడానికి బయల్దేరింది.