వ్రతానికి ముందు కోసిన పూలు

పరాయి దేశంలో స్థిరపడి, క్లైడ్ నార్త్‌లో ఇల్లు కొన్న తొలి వసంతంలో ఇంటి ముందు లాన్ నిండా పసుపుపచ్చని డాండెలైన్ అనే కలుపు పూలు పూశాయి. తేనెటీగలకు తిండి అవేనని, కోయొద్దని పదేళ్ల మా అమ్మాయి అడిగింది. సరేనని మాటిచ్చాను.

ఆ ఆదివారమే మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ఇంత ఇల్లు కొని కలుపు తీయించలేదేమిటని వచ్చినవాళ్లు అనుకుంటారేమోనని ఒకటే బెంగ పట్టుకుంది నాకు. శనివారం పిల్ల ఈతకు వెళ్లగానే గడ్డి కోసే మోవర్ తీసి మొత్తం కోసిపారేశాను.

తిరిగొచ్చి చూసి, "యూ ప్రామిస్డ్, నాన్నా," అంది.

"గెస్టులొస్తున్నారు కదమ్మా, మళ్లీ పూస్తాయిలే," అన్నాను.

మర్నాడు లాన్ వంక ఎవరూ చూడనైనా లేదు. గుమ్మం ముందు చోటు చాలక, చెప్పులన్నీ దానిమీదే విడిచి లోపలికొచ్చారు.

పంచామృతానికి పంతులుగారు తేనె అడిగితే వంటింట్లోంచి సీసా తెచ్చింది మా అమ్మాయే. నా మొహం చూడకుండా చేతిలో పెట్టి పక్కన కూర్చుంది.

పూజయ్యాక పంతులుగారు కథ మొదలుపెట్టారు. దేవుడికి మాటిచ్చి, ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకు తిరిగిన షావుకారు కథ. నేను తల వంచుకుని గుప్పిట్లోని అక్షింతల వంక చూస్తూ కూర్చున్నాను.

పిల్లలకు అర్థం కావాలని ఆయన అదంతా మళ్లీ ఇంగ్లీషులో చెప్పారు.