ఎనభై చాలునా, చాలదా

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు నల్లగొండకు బదిలీ అయింది. ఇల్లు చౌటుప్పల్‌లో. రానూ పోనూ వంద కిలోమీటర్ల పైమాటే. మొదటి ఏడాది బస్సులో పోయాను. తర్వాత మా ఆఫీసులోనే పనిచేసే ఒకాయన మా ఊరి నుంచే రోజూ కారులో వస్తాడని తెలిసి, ఆ కారు వెనక సీట్లో చేరాను. ఆయన నాకంటే రెండేళ్లు పెద్ద. నేను ‘అన్నా’ అనేదాన్ని, ఆయన ‘చెల్లె’ అనేవాడు. ముందు సీటు మా సూపరింటెండెంట్ సారుది. ఆయన ఎక్కగానే బెల్టు పెట్టుకొని, చేతులు కట్టుకొని కళ్లు మూసేవారు. ఆఫీసు గేటు ముందు కారు ఆగితేనే తెరిచేవారు.

మా అన్న మంచివాడు, ఒక్క హైవే మీద తప్ప. స్టీరింగు ముందు కూర్చుంటే ఆయన కాలు బరువెక్కేది. ఎనభై అని రాసిన బోర్డు కనిపించినప్పుడల్లా ఆయనకు ఒళ్లు మండేది.

“గా బోర్డు పెట్టినోడు ఎడ్లబండి మీద వచ్చి పెట్టిండు చెల్లె! చూడు, నాలుగు లైన్ల రోడ్డు, నడుమ డివైడరు, అద్దం లెక్కున్నది. దీని మీద ఎనభై అంటే రోడ్డును అవమానించినట్టే.”

“రోడ్డుకు అవమానం ఏముంటదన్నా? రేపు మన నడుములు విరిగితే రోడ్డు వచ్చి దవాఖానల మన పక్కన కూసుంటదా?”

“ఎనభై మీద పోతే నిద్రొస్తది. నిద్రొస్తేనే ప్రమాదం.”

“సార్ రోజూ నిద్రపోతనే ఉన్నరు. ఆయనకేం కాలే గద!”

సారు కళ్లు మూసుకునే అనేవారు, “ఇద్దరు చెప్పేది నిజమే. జర మెల్లగ చెప్పుండ్రి.”

ఆ ‘మెల్లగ’ను నేను నా ఖాతాలో వేసుకునేదాన్ని. సార్ కూడా మెల్లగానే అన్నారు గదా అని. ఇలా చౌటుప్పల్‌లో మొదలైన వాదం నల్లగొండ దాకా, సాయంత్రం మళ్లీ నల్లగొండ నుంచి చౌటుప్పల్ దాకా నడిచేది.

నాకు వేగమంటే భయం ఊరికే రాలేదు. మా బాపు మగ్గం నేసేవాడు. నూలు కట్టలు సైకిల్ వెనక కట్టుకొని, నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకొని ఈ రోడ్డు మీదనే వచ్చేవాడు. అప్పుడిది రెండు లైన్ల రోడ్డు. లారీ పక్క నుంచి పోతే ఆ గాలికి సైకిల్ మొత్తం ఊగేది. బాపు కాళ్లు నేలకు ఆనించి, “ఏం కాదు బిడ్డా, గాలే” అనేవాడు. అనేవాడే గాని హ్యాండిల్ మీద ఆయన వేళ్లు తెల్లబడేవి. అందుకే పెళ్లయ్యాక కారు నేర్చుకొని లైసెన్సు తీసుకున్నా, దాన్ని బీరువాలో చీరల కింద దాచిపెట్టి, ఊళ్లో స్కూటీ మీదే తిరిగేదాన్ని.

ఒక జనవరిలో రోడ్డు భద్రత వారం వచ్చింది. ఏటా బ్యానర్ కట్టి, ప్రతిజ్ఞ చేసి, ఫొటో దిగి ఎవరి సీట్లలో వాళ్లం కూర్చునేవాళ్లం. ఆ ఏడు కొత్తగా వచ్చిన మా ఆఫీసర్ మేడం, ఈసారి చర్చ పెడదామన్నారు. విషయం: హైవేల మీద వేగ పరిమితి మరీ తక్కువగా ఉందా? ఆ మాట విని ఆఫీసంతా మా ఇద్దరి వైపు తిరిగి నవ్వింది. ఎవరు ఏ పక్షమో అడగాల్సిన పని లేదు, అందరికీ తెలుసు.

అప్పుడు మా సూపరింటెండెంట్ సారు లేచి నిలబడ్డారు. “మేడం, వీళ్లు రోజూ చెప్పేదే చెప్తే నాకు కొత్తేమున్నది? చీట్లు వేద్దాం.”

తన టిఫిన్ డబ్బా మూతలో రెండు చీట్లు వేసి మా ముందు పెట్టారు. నాకు ‘తక్కువే’ వచ్చింది. అన్నకు ‘తక్కువ కాదు’ వచ్చింది. ఒకరి వాదం ఇంకొకరి చేతికి వచ్చింది. ఆఫీసు గొల్లుమంది. ఆరేళ్లుగా కళ్లు మూసుకున్న మనిషి ఒక్క మాట కూడా వదలకుండా విన్నాడని నాకు ఆ రోజే అర్థమైంది.

ఆ సాయంత్రం కారులో వాదం లేదు. ఎవరిని ఎవరు తిట్టాలో తెలియలేదు. చిట్యాల దగ్గరికి వచ్చాక అన్నే అన్నాడు.

“చెల్లె, నీకు పాయింట్లు కావాలె, నా దగ్గరున్నయి. నాకు కావాల్సినయి నీ దగ్గరున్నయి.”

“చెప్పు, రాసుకుంట.”

“చెప్తే తెల్వదు. చూపియ్యాలె. నీకు లైసెన్సు ఉన్నది గద? ఆదివారం వదినను తీసుకొని వస్త. నువ్వే నడుపు.”

వద్దనాలనుకున్నాను. కానీ ముందు సీట్లో సారు కళ్లు మూసుకొనే నవ్వుతున్నారు. అది చూసి రోషం వచ్చి, సరే అన్నాను.

ఆదివారం పొద్దున చీరల కింది నుంచి లైసెన్సు తీశాను. అన్న పక్క సీట్లో, వదిన వెనక సీట్లో. వదిన ఎక్కుతూనే, “ఈయన నడిపితే నేను దేవుళ్లందరిని తల్సుకుంట కూసుంట. నువ్వు నడుపుతే ఇయ్యాల జర కునుకు తీస్త” అంది.

హైవే ఎక్కి కుడి లైను పట్టుకొని యాభై మీద పోతున్నాను. వెనక నుంచి లారీ హారన్. తర్వాత బస్సు హారన్. ఒక కారాయన ఎడమ వైపు నుంచి దాటుతూ, అద్దం దించి నా ముఖం చూసి మరీ పోయాడు.

“చూసినవా?” అన్నాడు అన్న. “అందరు ఎనభై మీద పోతుంటే నువ్వొక్కదానివి యాభై మీద పోతే, వాళ్లంత నిన్ను తప్పిచ్చుకొని పోవాలె. ఎడమకు రా, లేకుంటే జర తొక్కు.”

అది నిజమే. ఎడమకు వచ్చాను. తర్వాత కొంచెం కొంచెంగా తొక్కాను. రోడ్డు ఖాళీగా ఉంది. రెండు పక్కలా చివరి పత్తి, అక్కడక్కడా కంది చేలు. ఎండ ఇంకా ముదరలేదు. చేతుల బిగువు ఎప్పుడు తగ్గిందో నాకే తెలియదు. వదినకు ఏదో చెబుతూ నవ్వుతున్నాను.

“ఎంతున్నదో చూడు,” అన్నాడు అన్న.

చూశాను. తొంభై రెండు.

“భయమైందా?”

“కాలే.”

“గదే నా పాయింటు. రాస్కో.”

నాకు సిగ్గూ సంతోషమూ ఒకేసారి కలిగాయి. ఇన్నేళ్లూ వెనక సీట్లో కూర్చొని భయపడ్డది వేగానికా, స్టీరింగు నా చేతిలో లేనందుకా అని అనుమానం వచ్చింది. అయినా కాలు తీసి ఎనభైకి తెచ్చాను.

కొంత దూరం పోయాక ఒక బోర్డు వచ్చింది. పని జరుగుతోంది, ముప్పై. నేను బుద్ధిగా ముప్పైకి దించాను. వెనక బస్సు కీచుమంటూ ఆగినంత పని చేసి, పక్కకు వచ్చింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, “అమ్మా, గా పని అయిపోయి రెండేండ్లాయె!” అని అరిచి వెళ్లిపోయాడు. నిజంగానే అక్కడ కల్వర్టు కట్టడం ఎప్పుడో పూర్తయింది. బోర్డు కాలికి కాకర తీగ అల్లుకొని, పైదాకా పాకి ఎండిపోయి ఉంది.

నాకు అసలైన పాయింటు అక్కడ దొరికింది. ఒక బోర్డు అబద్ధం చెబితే, తర్వాత వచ్చే పది బోర్డుల మాట ఎవరూ నమ్మరు.

“ఇగ నీ వంతు అన్నా,” అన్నాను. కొంచెం ముందుకు పోతే మా పెద్దమ్మ వాళ్ల ఊరు వస్తుంది. ఊరు ఒక పక్క, చేలు ఇంకో పక్క, నడుమ హైవే. డివైడరుకు ఒక సందు ఉంటుంది. హోటల్ దగ్గర కారు ఆపి ముగ్గురం చాయ్ తాగాం. అవతలి పక్క ఒకామె గంపలో రేగుపండ్లు పెట్టుకొని అమ్ముతోంది.

“పోయి రేగుపండ్లు పట్కరా అన్నా. కారుల కాదు, నడుసుకుంట పో.”

“గింతేనా?” అని నవ్వుకుంటూ రోడ్డు దగ్గరికి పోయాడు.

ఒక అడుగు ముందుకు వేశాడు. వెనక్కి తీశాడు. దూరంగా ఒక కారు కనిపించింది, అది పోయాక దాటుదామని ఆగాడు. అది పోగానే ఇంకోటి. ఒకసారి ఖాళీ దొరికిందనుకొని మూడడుగులు వేసి, చెప్పు జారి, పరుగెత్తుకొచ్చాడు. వదిన చాయ్ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడింది.

అంతలో గడ్డి కోసుకురావడానికేమో, చంకలో ఖాళీ గోనెసంచి, చేతిలో కొడవలితో ఒక అవ్వ వచ్చింది.

“ఏం బిడ్డా, ఎంతసేపటి సంది నిలబడ్డవు?”

“పోనిస్తలేరవ్వా.”

“వాళ్లెందుకు పోనిస్తరు? వాళ్లకు మనం కనవడం. మనకే వాళ్లు కనవడాలె.” అవ్వ కొడవలిని గోనెసంచిలో చుట్టి, అన్న మణికట్టు పట్టుకుంది. “నేను ఉరుకుమంటే ఉరుకు. ఆగుమంటే ఆగు. నడుమల ఆలోచన చెయ్యకు.”

ఇస్త్రీ చొక్కా వేసుకున్న యాభై ఏళ్ల మనిషి, అవ్వ చెయ్యి పట్టుకొని, ఆమె ఉరకమంటే ఉరికాడు. డివైడరు దగ్గర ఆగమంటే ఆగాడు. మళ్లీ ఉరికాడు. వదిన నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేనూ నవ్వాను గాని, వాళ్లు అవతలికి చేరేదాకా వచ్చే కార్లనే చూస్తున్నాను.

పోవడం అయింది. రావడం ఇంకా కష్టమైంది. అవ్వ చేలల్లోకి వెళ్లిపోయింది. అన్న రేగుపండ్ల పొట్లం పట్టుకొని అవతల ఒక్కడే నిలబడ్డాడు. వదిన ఫోనులో టైము చూసింది. పదకొండు నిమిషాలు పట్టింది ఆయన ఇవతలికి రావడానికి. వచ్చి కుర్చీలో కూలబడి, నీళ్లు తాగి, అప్పుడు మాట్లాడాడు.

“గా దిక్కు నిలబడ్డోనికి వచ్చే కారు ఎనభై మీదున్నదో నూట ఇరవై మీదున్నదో తెల్వదు చెల్లె. దూరమున్నదిలే అని అడుగేస్తమా, మీదికొచ్చేస్తది.” రేగుపండ్ల పొట్లం నా ముందు పెట్టి మళ్లీ అన్నాడు, “ఆరేండ్ల సంది గీ రోడ్డు మీద పోతున్న. గిక్కడ ఒక ఊరున్నదని నాకు తెల్వదు.”

“రాస్కో,” అన్నాను. రేగుపండ్లు పుల్లగా, బాగున్నాయి.

చర్చ రోజున ఒక ట్రాఫిక్ అధికారిని న్యాయనిర్ణేతగా పిలిచారు. ముందు నేను మాట్లాడాను. ఖాళీ రోడ్డు మీద అంత తక్కువ పెడితే ఎవరూ పాటించరని, పాటించని నియమం అలవాటైతే పాటించాల్సిన చోట కూడా పాటించరని చెప్పాను. కాకర తీగ అల్లుకున్న బోర్డు గురించి చెప్పినప్పుడు బాగా నవ్వారు. బస్సు డ్రైవరు గొంతు అనుకరించి చూపించాను. నాలో అంత ధైర్యం ఉందని నాకే తెలియదు.

తర్వాత అన్న లేచాడు. చేతిలో కాగితం ఉంది, చూడలేదు. అవ్వ తన చెయ్యి పట్టుకొని రోడ్డు దాటించిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పు జారిన సంగతి కూడా దాచలేదు. మొదట అందరూ నవ్వారు. “వాళ్లకు మనం కనవడం” అన్న అవ్వ మాట చెప్పేసరికి ఆ నవ్వులు ఆగాయి.

చివర్లో మేడం ఆ అధికారిని అడిగారు, ఏ రోడ్డు మీద ఎంత వేగమో ఎవరు, ఎట్లా నిర్ణయిస్తారని. ఆయన గడ్డం గోక్కొని, “పైనుంచి వస్తది మేడం” అన్నాడు.

మా సారు వెనక కుర్చీలోంచి అన్నారు, “పైనుంచి చూస్తే ఊరు చిన్నగ కనవడ్తది గద సార్.” అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు ఆ మాటకే పడ్డాయి.

ఆ అధికారి తీర్పును సభకే వదిలేసి చేతులెత్తమంటే, అన్నకు ఎక్కువ చేతులు లేచాయి. బహుమతి హెల్మెట్. ఆయనకు మోటర్ సైకిలే లేదు. నాకు లోపల కొంచెం మండింది, అబద్ధం ఎందుకు. నేను ఆరేళ్లు గొంతు చించుకున్న మాటలు, ఆయన ఒక్కరోజు చెబితే చప్పట్లు కొట్టారు. ఆయన నా ముఖం చూసి కనిపెట్టాడేమో, క్యాంటీన్‌లో మిర్చి బజ్జీలు తెప్పించి, “నీ పాయింట్లతోనే గెలిచిన చెల్లె, తిను” అన్నాడు. కోపం ఆ బజ్జీలతోనే పోయింది.

అక్కడితో వదిలేయకుండా ముగ్గురం కూర్చొని రోడ్డు వాళ్లకు ఒక అర్జీ రాశాం. పాత బోర్డు తీసేయాలని, ఆ ఊరి ముందు వేగం తగ్గించే ఏర్పాటు చేయాలని. నేను రాశాను, అన్న ఫొటోలు తెచ్చాడు, సారు భాష దిద్దారు. నెలలు గడిచాయి. ఒక వానాకాలం పొద్దున చూస్తే ఆ బోర్డు కాలువలో బోర్లా పడి ఉంది. మా అర్జీ పడేసిందో, గాలివాన పడేసిందో నేటికీ తెలియదు. ఊరి ముందు మాత్రం ఆ మరుసటి ఏడు రోడ్డుకు అడ్డంగా తెల్ల పట్టీలు వేసి, పసుపు రంగు లైటు పెట్టారు. అన్న మారిపోయాడని చెప్పను. ఖాళీ రోడ్డు మీద ఆయన కాలు ఇప్పటికీ బరువే. ఊరు కనిపిస్తే మాత్రం ఎవరూ చెప్పకుండానే కాలు తీస్తాడు.

నేను ఒక పాత చిన్న కారు కొనుక్కున్నాను. ఇప్పుడు ఒక వారం ఆయన కారు, ఒక వారం నా కారు. సారు రిటైరయ్యారు. కారులో ఆయన సీట్లో, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి మాతో వస్తోంది. మొన్న నేను నడుపుతుంటే ఆ అమ్మాయి మామూలుగా అడిగింది, “గీ రోడ్డును ఆరు లైన్లు చేస్తరట గద మేడం, అప్పుడు స్పీడు ఎంత పెడ్తరు?”

అన్నా నేనూ ఒకేసారి మొదలుపెట్టాం. నార్కట్‌పల్లి దగ్గర నల్లగొండకు తిరగాల్సిన మలుపు ఎప్పుడు దాటిపోయిందో ముగ్గురిలో ఎవరమూ చూడలేదు. వెనక్కి తిరిగే సందు దొరికి, ఆఫీసు చేరేసరికి అరగంట ఆలస్యమైంది.