ఇంటి నంబరుతో సహా రాసిన రిజిస్టరు

1990 వేసవి. కువైట్‌లోని ఖైతాన్‌లో వేట సామాను అమ్మే కొట్టులో నేను పనిచేసేవాణ్ణి. మాది రాయచోటి పక్కన పల్లెటూరు. గుడారాలు, బైనాక్యులర్లు, పిట్టల వేటకు వాడే షాట్‌గన్‌లు మా సరుకు. బ్యారెల్, అంటే తుపాకి గొట్టం, నూనె గుడ్డతో తుడిచేవాణ్ణి. స్టాక్, అంటే భుజానికి ఆనించుకునే చెక్క, పగిలితే అతికేవాణ్ణి. ఎనిమిదేళ్లలో అరబ్బీ రాత కూడా పట్టుబడింది కాబట్టి రాతపని కూడా నా నెత్తినే పడింది.

ఆ ఏడాది మొదట్లో తుపాకుల మీద కొత్త ఆంక్షలు వస్తాయని బజారులో ఒకటే గోల. ఎవరి దగ్గర ఏ తుపాకి ఉందో కొట్టువాళ్లే రాసిపెట్టాలట. ఆర్డరు ఇంకా రాలేదు. అయినా మా కఫీల్, అంటే నాకు అక్కడ ఉండే పర్మిట్, ఇఖామా, ఇప్పించిన యజమాని, ముందుచూపు మనిషి. రిజిస్టరు సిద్ధం చేయమన్నాడు. నేనూరుకుంటానా? పేరు, వీధి, ఇంటి నంబరు, తుపాకి మీద చెక్కి ఉండే సీరియల్ నంబరు, అన్నీ ఏరియా వారీగా, ఎర్ర గీతలు కొట్టి మరీ రాశాను. వేలు పెట్టుకుని వీధి వెంట ఇల్లిల్లూ చదువుకుంటూ పోవచ్చు. ఆ పుస్తకం చూసుకుని తెగ మురిసిపోయేవాణ్ణి.

గొణగని కొనుగోలుదారు లేడు. అందరికంటే ఎక్కువ గొడవపడింది రుమైథియాలో ఉండే అబూ యూసుఫ్. ఒకప్పుడు పడవల మీద తిరిగిన ముసలాయన. వాళ్ల నాన్న తుపాకి స్టాక్ పగిలితే నా దగ్గరికి తెచ్చాడు.

"బాగుచెయ్యి. పేరు మాత్రం రాయొద్దు" అన్నాడు.

"రాయకపోతే ఎలా బాబా? రేపు రూలు వస్తుంది."

"రూలుకి నేను భయపడను. ఈ పుస్తకం ఇవాళ నీ చేతిలో ఉంది. రేపు ఎవరి చేతిలో ఉంటుందో నువ్వు చెప్పగలవా?"

"సొరుగుకి తాళం ఉంది బాబా" అన్నాను, పెద్ద మొనగాడిలా. ఆయన నా ముఖం చూసి నవ్వి, పేరు చెప్పాడు. రాసుకున్నాను.

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. మా కఫీల్ అప్పటికే కుటుంబంతో విదేశంలో ఉన్నాడు. ఆయుధం దాచినవాళ్లని కాల్చేస్తున్నారని నోటా నోటా వినిపించసాగింది. నాలుగో రోజు పొద్దున అబూ యూసుఫ్ ఇంట్లో పనిచేసే లక్ష్మీదేవి బియ్యం, టమాటాలున్న సంచితో షేరింగ్ కారులో మా గదికి వచ్చింది. మా కడప జిల్లా మనిషే.

"అన్నా, బాబా నిన్నట్నుంచి మెతుకు ముట్టలేదు. ఆ బుక్కు యాడుండాదో అడిగి రమ్మన్నాడు. తుపాకిని ఇంట్లోనే యాడనో పూడ్చినాడు. కొడుకులిద్దరూ ఇంట్లోనే ఉండారు. మామా, అదే ఆ ఇంటామె, ఒకటే ఏడుపు."

సొరుగులో ఉంది కదా, తాళం వేసి! ఆ పుస్తకం దొరికితే సైనికులకి దారి చూపించే మనిషే అక్కర్లేదు. అన్నీ నేనే చక్కగా అమర్చిపెట్టాను.

ఇద్దరం పరుగున కొట్టుకి పోయాం. రిజిస్టరు తీసి ఆమె బియ్యం సంచిలో అడుగున పెట్టి, పైన బియ్యం పోసి, టమాటాలు పరిచాం. బయటికి రాబోతుంటే జీపు ఆగింది. ఒక ఆఫీసరు, ఇద్దరు సైనికులు.

"హిందీ?" అన్నాడు ఆఫీసరు, ఇండియావాడివా అని.

"అవును సార్. తుడిచే పనివాణ్ణి."

"కొన్నవాళ్ల పేర్ల దఫ్తర్ ఏది?"

"కఫీల్‌కే తెలుసు సార్" అన్నాను. ఒకడు సంచి వైపు చేయి చాపాడు. లక్ష్మీదేవి ఉన్నట్టుండి నా మీద విరుచుకుపడింది.

"ఏం మనిషివయ్యా నువ్వు! పొద్దున్నే పొయ్యి బియ్యం తెమ్మంటే ఇంతసేపా? ఈడ నిలబడి ముచ్చట్లు పెడితే కడుపు నిండుతాదా?"

వాళ్లకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా పెళ్లాం తిట్లనుకున్నారు. నేనూ తల వంచుకుని నిలబడ్డాను. సైనికులు పగలబడి నవ్వారు. ఆ చేయి చాపినవాడు రెండు టమాటాలు తీసుకుని, "యల్లా, యల్లా" అని మమ్మల్ని తోలేశాడు. సందు మలుపు తిరిగాక గోడకి చేరగిలబడ్డాను.

"సారీ అన్నా, నోటికొచ్చినట్ల తిట్టినా" అంది.

"ఇంకో రెండు తిట్టమ్మా, పర్వాలేదు" అన్నాను.

గ్యాసు అయిపోయింది. గది వెనక ఇటుకల మధ్య విరిగిన పెట్టె చెక్కలతో పొయ్యి వెలిగించాం. రిజిస్టరు చింపి సాల్మియా, హవల్లి, రుమైథియా ఏరియాల కాగితాలు ఒక్కొక్కటే పొయ్యిలో పెట్టాను. "ఎంత బాగా రాసినావన్నా!" అంటూ ఆమె ఎసట్లో బియ్యం పోసింది. చివరి కాగితం కాలేసరికి అన్నం ఉడికింది. ఆ రోజు తిన్నంత తృప్తిగా మళ్లీ ఎప్పుడూ తినలేదు. ఆమె కబురు మోసుకుని రుమైథియా వెళ్లిపోయింది.

నెల తిరక్కుండానే బస్సులో జోర్డాన్ చేరి, విమానంలో ఇండియాకి వచ్చేశాను. అబూ యూసుఫ్ ఉన్నాడో లేడో తెలియని దిగులు మాత్రం ఊరి దాకా వెంట వచ్చింది.

యుద్ధం ముగిశాక కఫీల్ మళ్లీ పిలిపించాడు. కాల్చేశానని భయపడుతూ చెప్పాను. "మొదటి పేజీలో నా తమ్ముడి పేరు ఉంది కదరా" అంటూ నా నుదురు ముద్దుపెట్టుకున్నాడు.

అప్పటికి ప్రభుత్వం జనం దగ్గరున్న ఆయుధాలు అప్పగించమంటోంది. తుపాకుల వాళ్లలో మళ్లీ అదే గుబులు. ఒకరోజు గుమ్మంలో చేతికర్ర చప్పుడైంది. అబూ యూసుఫ్! వెనక ఇద్దరు కొడుకులు! నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడవకు. మా నాన్న తుపాకికి లైసెన్సు కావాలి. రాసుకో" అన్నాడాయన.

కొత్త రిజిస్టరు తీశాను. ఈసారి ఏరియా వారీగా లేదు, వచ్చిన వరసలో రాస్తున్నాను. రాతపనివాడు ఎవరి కోసం రాస్తున్నాడో ఒక్కటే చూసుకుంటే చాలదని, రాసింది ఇంకెవరి చేతిలో పడొచ్చో కూడా ఆలోచించాలని నాకు తెలిసొచ్చింది అప్పుడే.

పేరు చెప్పబోయి ఆయన ఆగాడు. "తాళం ఉందా?"

సొరుగు తెరిచి చూపించాను. తాళంచెవి పక్కనే అగ్గిపెట్టె ఉంది. ఆయన దాన్ని తీసి, చెవి దగ్గర ఆడించి, పుల్లలున్నాయని నమ్మకం కుదిరాక ఇంటి నంబరుతో సహా చెప్పాడు.