మా అత్తగారికి బాతు నేర్పిన స్కూటీ

మా అత్తగారికి శుక్లం ఆపరేషన్ అయిన వేసవిలో మా ఇంట్లో రెండు గొంతులు మూగబోయాయి. ఒకటి టీవీది, రెండోది ఆవిడ ఫోనుది. మూడు వారాలపాటు ఆ రెండింటి జోలికీ, పొయ్యి సెగ జోలికీ పోకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. అమలాపురం దగ్గర మా ఊళ్లో, కొబ్బరితోటను ఆనుకుని ఉన్న ఆ ఇంట్లో నలభై ఏళ్లుగా వంటగదిని ఏలిన మనిషికి నల్ల కళ్లద్దాలు పెట్టి, హాల్లో మంచం మీద కూర్చోబెట్టాం. ఆవిడ అక్కడి నుంచే వాసన పట్టి నా వంట నడిపించేవారు.

"అమ్మాయ్, పోపు మాడుతోంది."

"లేదండీ, అత్తయ్యగారూ."

"అయితే మాడబోతోంది."

ఆవిడ మాట ఎప్పుడూ తప్పలేదు.

నాకు పెళ్లయి అప్పటికి ఏడేళ్లు. మా ఇద్దరి మధ్య గొడవల్లేవు, అలాగని కబుర్లూ లేవు. "మందు చుక్కలు వేసుకున్నారా అండీ" అని నేను, "ఆయ్" అని ఆవిడ. అక్కడితో మా రోజు సరిపోయేది. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. బడి లైబ్రరీ కూడా నా చేతిలోనే ఉంది కాబట్టి, అట్టలూడిన పుస్తకాలను ఆ సెలవుల్లో అతికిద్దామని ఇంటికి తెచ్చుకున్నాను. అన్నిటిలోకీ లావుది ఒక పాత జంతువుల సాహస నవల. ఎన్ని తరాల పిల్లలు చదివారో ఏమో, అట్టా మొదటి పేజీలూ ఎప్పుడో ఎగిరిపోయాయి. దాని పేరేమిటో, రాసిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. వరదకి పొలం మునిగిపోతే ఒక ముసలి కంచరగాడిద, ఒక నక్క, ఒక బాతు కలిసి సముద్రం ఒడ్డున బతకడానికి మంచి చోటుందని విని నడక మొదలుపెడతాయి. కథంతా ఆ నడకే.

రెండో రోజు మధ్యాహ్నానికి అత్తగారు విసుగుతో మంచం కోళ్లు లెక్కపెట్టే స్థితికి వచ్చారు. చదివి వినిపించమంటారా అని అడిగాను.

"జంతువుల కథా? మన చుట్టాల గొడవలే నాకు తెమలట్లేదు. సరే, కానీ. నిద్రైనా పడుతుంది."

నిద్ర పట్టలేదు. మూడో అధ్యాయంలో వాగు దాటేటప్పుడు, ఒడ్డెక్కిన గాడిద వెనక్కి తిరిగి, కుంటుకుంటూ వస్తున్న నక్క కోసం ఆగుతుంది. అక్కడ ఆవిడ మంచం మీద లేచి కూర్చున్నారు.

"ఆగిందా?"

"ఆగిందండీ."

"చూశావా? మీ మావయ్యగారు తిరునాళ్లలో నాకోసం ఒక్కసారైనా ఆగేరా? ముందు నడుస్తారు, నేను వెనకాల చొక్కా రంగు చూసుకుంటూ పరిగెత్తాలి. ఓసారి అదే రంగు చొక్కా వేసుకున్న ఎవరో పెద్దాయన వెనకాల బస్టాండు దాకా వెళ్లిపోయేను."

నాకు నవ్వాగలేదు. పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. అత్తగారి ముందు అలా నవ్వడం అదే మొదటిసారి. ఆవిడ కోపగించుకుంటారేమో అనుకున్నాను కానీ, కళ్లద్దాల కిందనుంచి ఆవిడకీ నీళ్లు కారుతున్నాయి. కంటికి మంచిది కాదని భయపడి ఇద్దరం నోరు మూసుకోబోయాం. దాంతో ఇంకా ఎక్కువైంది. వరండాలో పేపరు చదువుతున్న మావయ్యగారు దగ్గారు. ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర ఎప్పుడూ లేనిది, "ఆ నక్క ఒడ్డుకి చేరిందా అమ్మా?" అని అడిగినప్పుడు గానీ నాకు తెలియలేదు, మధ్యాహ్నం ఆయన పట్టుకున్న పేపరులో గంటసేపు పేజీ తిరగలేదని.

ఇక రోజూ ఇదే పని. బడి అలవాటు కొద్దీ ఒకసారి అధ్యాయం చివర, "దీని వల్ల మనకు తెలిసే నీతి ఏమిటండీ?" అని నోరు జారాను.

"నాచేత పరీక్ష రాయిస్తావా ఏంటి? తర్వాతేం జరిగిందో చదువు."

పదేళ్లుగా పిల్లల్ని అడుగుతున్న ప్రశ్న అది. ఆ తర్వాత నేను మళ్లీ తరగతిలో అడగలేదు.

తర్వాత కథలో జరిగింది గొడవ. ఎండలో నడిచి నడిచి ముగ్గురూ ఒక బావి దగ్గరికి చేరితే, నక్క ముందు తాగేసింది. పెద్దదాన్ని నన్ను అడగకుండా తాగుతావా అని గాడిద అలిగింది. రెండు అధ్యాయాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. మధ్యలో బాతు అటూ ఇటూ తిరుగుతూ కబుర్లు మోస్తుంది.

"ఆ నక్క ముందు తాగితే నీళ్లేమైనా తరిగిపోయేయా?" అన్నారు అత్తగారు. అంతలోనే "ఇవాల్టికి చాలు" అని గోడ వైపు తిరిగి పడుకున్నారు.

నాకు అర్థమైంది. అప్పనపల్లిలో ఆవిడకో చెల్లెలుంది. ఆ చెల్లెలి కొడుకు పెళ్లిలో మొదటి బంతి భోజనాలకి ఈవిడ కూర్చోగానే, చెల్లెలు చేయి పట్టుకుని లేపి, "నువ్వు రెండో బంతికి కూర్చోవే అక్కా" అందిట. అంతే. అత్తగారు తినకుండా వచ్చేశారు. ఆరేళ్లయింది, ఇద్దరి మధ్యా మాటల్లేవు.

చివరి అధ్యాయాల్లో బాతు వంతు వచ్చింది. దారి పొడవునా అది గాడిద వీపు మీద బుట్టలోనే కూర్చుని ప్రయాణం చేసింది. పొలంలో పశువుల తొట్టిలో తప్ప ఎక్కడా ఈదలేదు, పారే నీళ్లలో తనకి ఈత రాదనే అనుకుంటుంది పాపం. ఆఖర్న పెద్ద నది అడ్డొస్తుంది. గాడిద ఒడ్డున ఆగిపోతుంది. అప్పుడు బాతు తనే బుట్టలోంచి దూకి, ఈది, అవతల గట్టున కట్టేసి ఉన్న పడవ తాడు ముక్కుతో విప్పి తెస్తుంది. నేను చదవడం ఆపేసరికి వరండాలోంచి "భలే" అని వినిపించింది. అత్తగారు మాత్రం నెమ్మదిగా అన్నారు: "దానికి ఈత రాదని ఎవరు చెప్పేరు? ఎవరూ చెప్పలేదు. అదే అనుకుంది."

మర్నాడు కాఫీ తాగుతూ, "అమ్మాయ్, నాకు నీ స్కూటీ నేర్పుతావా?" అన్నారు.

ఆవిడకి అరవై రెండేళ్లు. సైకిలు కూడా రాదు. మా ఆయనకి గ్లాసు చేతిలోంచి జారింది. "ఎక్కడికెళ్లాలో చెప్పమ్మా, నేను తీసుకెళ్తాను" అన్నారు. "నన్నెవరూ తీసుకెళ్లక్కర్లేదు నాన్నా" అన్నారావిడ. మావయ్యగారు పేపరు దించి, "ఆయ్, నేర్చుకోనీ" అన్నారు.

కన్ను బాగుపడిందని డాక్టరు చెప్పిన మర్నాడే కళ్లంలో మొదలుపెట్టాం. మొదటి వారం ఆవిడ బ్రేకు వేయడానికి బదులు "ఆగు, ఆగు" అని బండికి చెప్పేవారు. అది వినేది కాదు. రెండుసార్లు కొబ్బరి పీచు కుప్పలోకి దూసుకెళ్లి, తలనిండా పీచుతో లేచి కూర్చుని, "దెబ్బేం తగల్లేదు, నవ్వకు, తోయ్" అన్నారు. తోయడానికి నాకు ఓపిక ఉంటే కదా, పొట్ట పట్టుకుని అక్కడే కూలబడ్డాను. వీధిలో ఆడవాళ్లు సాయంత్రం పని మానుకుని గోడ దగ్గర నిలబడేవారు. "పిన్నిగారూ, అటు కాదండీ, ఇటు" అని కేకలు. ముందు లెర్నర్ లైసెన్సు, దాని తర్వాత అసలు పరీక్ష. ఎనిమిది అంకె చుట్టమంటే, అలవాటైన చేయి కదా, ముగ్గు వేసినంత శ్రద్ధగా చుట్టి వచ్చారు. పరీక్ష చేసినాయన "ఇంకో రౌండు అక్కర్లేదండీ, దిగండి" అనేవరకూ ఆపలేదు.

వానలు తెరిపిచ్చాక ఒక ఆదివారం బయలుదేరాం. ఆవిడ ముందు, నేను వెనక. బోడసకుర్రు వంతెన ఎక్కేసరికి వైనతేయ గాలి మా ఇద్దరినీ బండితో సహా పక్కకి తోసింది. కింద నది ఎర్రగా, నిండుగా పోతోంది. ఆవిడ భుజాలు బిగుసుకున్నాయి. "ఆపమంటారా అండీ?" అన్నాను.

"మాట్లాడకు. గాడిదలా కూర్చో."

అంటూనే ఆవిడకి నవ్వొచ్చింది, బండి వంకర్లు పోయింది. వెనక లారీ హారను కొట్టింది. నేను ఆవిడ నడుం పట్టుకుని దేవుళ్లందరినీ పిలుస్తూ నవ్వుతూనే ఉన్నాను. వంతెన దిగాక పక్కకి ఆపి ఇద్దరం నీళ్లు తాగాం. నేను సీసా ఖాళీ చేసేలోగా ఆవిడ మళ్లీ బండి స్టార్టు చేసేశారు.

అప్పనపల్లిలో చెల్లెలు వాకిట్లో పీట వేసుకుని కంద చెక్కు తీస్తోంది. హెల్మెట్టూ, నల్ల కళ్లద్దాలూ పెట్టుకున్న మనిషిని చూసి, "ఎవరు కావాలండీ?" అంది. అత్తగారు హెల్మెట్టు తీశారు. చెల్లెలు కత్తి కింద పెట్టింది. 

"నువ్వే నడిపేవా అక్కా?"

"ఆయ్."

"వంతెన మీంచా?"

"మరి ఈదుకుంటూ వచ్చేననుకున్నావా?"

చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుపో నవ్వో తెలియకుండా. కాసేపటికి తేరుకుని తనే చెప్పింది. "ఆ రోజు బూరెలు ఇంకా వేగలేదే. మొదటి బంతికి లడ్డూతో సరిపెట్టాం. పూర్ణం బూరెలంటే నీకు ప్రాణం కదా, రెండో బంతిలో వేడివేడిగా వేయిద్దామని లేపేను."

"ఆ మాట అప్పుడే చెప్పచ్చు కదే?"

"చెబుదామని బూరె పట్టుకుని వీధిలోకొచ్చేను. నీ బస్సు వెళ్లిపోయింది."

అత్తగారు అరుగు మీద కూర్చుండిపోయారు. "ఆరేళ్లు పోయేయి కదే" అన్నారు, అంతే. తర్వాత చెల్లెలి చేయి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు, కంద జిల గురించి కూడా ఆలోచించకుండా.

మంచినీళ్లు కూడా ఇవ్వకముందే చెల్లెలు చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, "అక్కా, నన్నోసారి గుడి దాకా తిప్పవే" అంది. ఇద్దరూ వెళ్లిపోయారు. వీధి మలుపు దాకా వాళ్ల నవ్వు, ఆ పైన హారను వినిపించాయి. వాళ్లు వచ్చేలోగా నేను ఆ కంద ముక్కలు తరగడానికి కూర్చుని, చేతులు దురద పుట్టి, రుద్దుకోవడానికి వంటింట్లో చింతపండు కోసం వెతుకుతూ, ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వుకున్నాను.