నర్సమ్మను కరిచిన పాము

ఏటా నాగుల చవితికి పుట్టలో పాలు పోసి దణ్ణం పెట్టే నర్సమ్మ, నార్సింగిలో తాను వంట చేసే ఫ్లాట్‌లో అద్దాల పెట్టెలోని పెంపుడు పామును చూస్తే మాత్రం ఆమడ దూరం జరిగేది. అది విషం లేని విదేశీ పామని ఇంటావిడ హరిత ఏడాదిగా నచ్చజెబుతూనే ఉంది.

ఒకరోజు నర్సమ్మకు తన పిరికితనం మీదే ఒళ్లు మండింది. చికెన్ కడుగుతున్నదల్లా తడిచేతులతోనే వెళ్లి, మూత తీసి పామును పట్టుకుంది. అది చటుక్కున కరిచి వదిలేసింది.

హరిత పరుగెత్తుకొచ్చింది. "నీ చేతికి చికెన్ వాసనుంది నర్సమ్మా, తిండి అనుకుంది."

వేలి మీద వరసగా సూదిమొనంత రక్తపు చుక్కలు నాలుగైదు చూసుకుని నర్సమ్మ పకపకా నవ్వింది. "గింతేనా? గిందుకేనా నేను ఏడాది సంది పరేషాన్ అయింది?"

సబ్బుతో చేతులు కడుక్కొచ్చి మళ్లీ పట్టుకుంటే, పాము బుద్ధిగా ఆమె గాజుల మీద చుట్టుకుంది.

ఆ ఏడు చవితికి, పుట్ట దగ్గరికి వెళ్లే ముందు కూడా నర్సమ్మ చేతులు సబ్బుతో కడుక్కుంది.