చావింటికి డబుల్ కా మీఠా ఫ్రీ

నాచారంలో నాది చిన్న కర్రీ పాయింట్. వాట్సాప్ ఆర్డర్లకు జవాబులిచ్చే ఏఐ టూల్ ఒకటి మా మరిది పోయిన వారం నా ఫోన్లో పెట్టాడు.

ఈ రోజు పొద్దున, రోజూ కూరలు తీసుకెళ్లే మల్లేశ్ మెసేజ్ పెట్టాడు. "అక్కా, నాయిన పోయిండు. ఇంట్ల పొయ్యి ముట్టియ్యం. పదిమందికి పప్పన్నం పంపు."

నేను వంటలో ఉన్నాను. ఆ టూల్‌కి పదిమంది అన్న మాటొక్కటే కనిపించినట్టుంది. "మీ వేడుకకు శుభాకాంక్షలు! పార్టీ ఆర్డర్‌కు డబుల్ కా మీఠా ఫ్రీ!" అని పంపింది. పక్కన బెలూన్ బొమ్మలు కూడా!

చూసేసరికి ఒళ్లు మండిపోయింది. మరిదిని నిలదీస్తే, "మెల్లమెల్లగ నేర్చుకుంటది వదినా" అన్నాడు.

"నేర్చుకోనీకి ఇంకెన్ని చావులు గావాల్నంట?" అని అరిచాను.

మెనూ పోస్టర్లయితే ఏఐతో చేయించుకుంటాను. మనుషులకు జవాబు మాత్రం నేనే ఇస్తాను. అప్పటికప్పుడు దాన్ని తీసేయించాను.

పప్పన్నం నేనే ఉప్పల్‌లో ఉన్న వాళ్లింటికి తీసుకెళ్లాను. మల్లేశ్ కోప్పడలేదు. క్యారియర్ అందుకుంటూ, "గది నువ్వు రాయలేదని నాకెరుకే అక్కా. కాని ముందుగాల అమ్మ సదివింది" అన్నాడు.

మీ షాపు ఫోన్లో మీ పేరుతో ఎవరు మాట్లాడుతున్నారో ఒకసారి చూసి చెప్పండి.